నిత్యశకటమూ, ముచ్చటబండీ

అమెరికాలో ఉద్యోగం చేసుకొంటున్న మా అబ్బాయి ఆ మధ్య ఫోనులో రెండు మాటలు వాడినాడు. ఒకటి డైలీ డ్రైవర్, రెండవది ప్రాజెక్టు కారు. మొదటిది రోజూ బండి తోలే మనిషి కాబోలు ననుకొన్నాను. కాదట, బండేనట. తాళంచెవి తిప్పగానే కదిలి, ఆఫీసుకూ అంగడికీ ఆసుపత్రికీ మారుమాట లేకుండా తీసుకొనిపోయే కారు. ప్రాజెక్టు కారంటే గ్యారేజీలో సగం విప్పి పెట్టుకొని, శని ఆదివారాల్లో మోచేతుల దాకా గ్రీజు పూసుకొని, ఏళ్ళ తరబడి బాగుచేసుకొంటూ ఆనందించే కారు. వాళ్ళ పొరుగింటాయన రెండూ పెట్టుకొని సుఖంగా ఉన్నాడట. రెండు కార్లు పట్టే చోటూ, రెండు కార్లను పోషించే రాబడీ ఉన్నవారికి ఇది సమస్య కాదు. ఒక్క కారే కొనగలిగి, ఒక్క కారే నిలిపే వాకిలి ఉన్నవాడికి వచ్చే చిక్కు ఇది. 2025 అక్టోబరులో ఆ చిక్కు నాకు వచ్చింది.

చిక్కు సంగతి చెప్పే ముందు మాటల సంగతి తేల్చుకోవాలి గదా! తెలుగు పండితుడికి అది జన్మసిద్ధమైన జబ్బు. డైలీ డ్రైవర్‌ను 'నిత్యవాహనం' అందామనుకొన్నాను గాని, అది తిరువీథుల్లో దేవుడు ఊరేగే వాహనంలా వినిపించింది. ఆ దారినే ఆలోచిస్తే మన కోవెలల్లో ఈ విభాగం ఎప్పటినుంచో ఉన్నదని తట్టింది. మూలవిరాట్టు కదలడు, ఊరంతా తిరిగేది ఉత్సవమూర్తి. ప్రాజెక్టు కారు మూలవిరాట్టు వంటిది. అభిషేకాలూ అలంకారాలూ నైవేద్యాలూ అన్నీ దానికే. గడప మాత్రం దాటదు. ఈ పోలిక మా శ్రీమతికి చెబితే, "దేవుణ్ణి కార్ల షెడ్డులోకి లాగకండి" అన్నది. అందుచేత వెనక్కు తీసుకొని, మొదటిదాన్ని నిత్యశకటమనీ రెండవదాన్ని ముచ్చటబండి అనీ పిలుచుకొంటున్నాను. ఇంతకంటె మంచి మాటలు తోచిన మిత్రులు చెబితే సంతోషిస్తాను.

ఇక అసలు సంగతి. మా వీధి చివర ఒక డాక్టరుగారుండేవారు. ఆయన కాలం చేసి మూడేళ్ళయింది. ఇద్దరు కుమార్తెలూ విదేశాల్లో స్థిరపడినారు. ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు, వెనుక రేకుల షెడ్డులో ఉన్న కారును ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. పాత ఇనుము కొనేవాడు వచ్చి చూసి వెళ్ళినాడని తెలిసి నేను పరుగెత్తినాను. అది 1984 నాటి ప్రీమియర్ పద్మిని.

ఈ తరంవారికి ఆ పేరు తెలియకపోవచ్చు. బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఇటలీ ఫియట్ కంపెనీ లైసెన్సుతో 1964 నుంచి 1100 డిలైట్ అనే కారును తయారుచేసేవారు. కొంతకాలం దానికి ప్రీమియర్ ప్రెసిడెంట్ అని పేరు; 1974లో పద్మిని అయినది. చిత్తోడు రాణి పద్మిని పేరు పెట్టారంటారు. (మన చిత్తూరు కాదు, రాజస్థానంలోది.) నాకు మాత్రం ఆ పేరు వినగానే కామశాస్త్రంలోని పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అనే నాయికా విభాగమే మనసులో మెదిలేది. ఆ లెక్కన అంబాసిడర్ నిస్సందేహంగా హస్తిని. మా తెనాలి ప్రాంతంలో అంబాసిడర్ అంటే మిల్లు షావుకారుదీ రాజకీయ నాయకుడిదీ. ఫియట్ అంటే డాక్టరుదీ ప్లీడరుదీ. పేరు ఎన్నిసార్లు మార్చినా జనం నోట అది ఫియట్టే. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వంతుకోసం ఎదురుచూసి కొనుక్కొనేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత ఆ వైభవం తగ్గుతూ వచ్చి, 2000 ప్రాంతంలో పద్మిని తయారీ ఆగిపోయింది. బొంబాయి టాక్సీలుగా మరికొంత కాలం బతికింది. అక్కడ టాక్సీకి ఇరవై ఏళ్ళ గడువు. 2003 అక్టోబరు 29న నమోదైన చివరి పద్మిని టాక్సీకి 2023 అక్టోబరుతో ఆ గడువు తీరిపోయింది.

నేను పొన్నూరులో భాషాప్రవీణ చదివే రోజుల్లో ఆ ఊరి ఫియట్‌లు రెండింటినీ నంబర్లతో సహా ఎరుగుదును. గేరు కడ్డీ నేలమీద గాక స్టీరింగు పక్కన ఉండటం, ముందు సీటు బల్లలాగా ఒకటే పొడవున ఉండి ముగ్గురు ఒత్తుకొని కూర్చోగలగటం, తలుపు వేస్తే బీరువా మూసినట్లు శబ్దం రావటం, ఇవన్నీ నాకు వింతలు. ఉద్యోగంలో చేరినాక ముప్ఫై ఏళ్ళు స్కూటరు మీదనే తిరిగినాను. ఆ కారును నడపాలన్న కోరిక పోలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో చిన్నతనం నుంచీ పనిచేసి, ఇప్పుడు మా ఊళ్ళో షెడ్డు పెట్టుకొన్న మేస్త్రి ఒకాయన ఉన్నారు. నా దగ్గర చదివినవాడు కాదుగాని, ఆయన తమ్ముడి కొడుకు చదివినాడు. ఆ బంధుత్వంతో ఆయనను తీసుకొనివెళ్ళినాను. ఆయన బానెట్ ఎత్తి, ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో నాలుగు చుక్కలు నూనె పోసి, చేతి హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పినారు. ఇంజను తిరిగింది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం చూసి ఆయనే జాలిపడి, "ఇంజను సంగతి నాకొదిలెయ్యండి మాస్టారూ. బోరు చేసి పిస్టన్లు మారిస్తే ఇంకో నలభై ఏళ్ళు తిరుగుద్ది. ఒళ్ళే కుళ్ళిపోయింది" అన్నారు. డ్రైవరు కాళ్ళకింది తివాచీ ఎత్తి చూపినారు. కింద షెడ్డు నేల కనిపించింది. తలుపుల కింది పట్టీలు, బ్యాటరీ కూర్చొనే తట్ట, వెనుక చక్రాల పైభాగాలు, అన్నీ వేలితో పొడిస్తే పొట్టుగా రాలినాయి.

షెడ్డు బయట అరుగుమీద కూర్చొని ఆయన చెబుతుంటే నేను లెక్క వ్రాసుకొన్నాను. ఇంజను పని 60,000. టింకరింగు, రంగు 1,20,000. బ్రేకులు, వైరింగు, టైర్లు 50,000. సీట్లు, తక్కిన చిల్లర 20,000. డాక్టరుగారి పెద్దమ్మాయి చెప్పిన ధర 70,000. వెరసి 3,20,000 రూపాయలు, ఆరు నెలల కాలం. మెకానిక్ ఆరు నెలలంటే సంవత్సరమని చదువుకోవాలన్నది లోకానుభవం. కారు కోసం నేను వేరుగా ఉంచుకొన్న సొమ్ము నాలుగున్నర లక్షలు. ఆ సొమ్ముకు అవతలి పక్షంలో నిలిచి ఉన్నది 2020 నాటి ఒక వాగన్‌ఆర్, ఒక బ్యాంకు ఉద్యోగిది, 4,15,000. దాన్ని గురించి వర్ణించటానికి ఏమీ లేదు. అది దాని దోషం కాదు, దాని గుణం.

సొమ్ము లెక్క చూస్తే ముచ్చటబండే చౌక గదా అని మనసు వాదించింది. అయితే కొన్న తరువాతి కథ వేరు. పాత ఫియట్ యజమానులకు వేసవిలో ఒక విద్య తెలిసి ఉండాలి. దాని పెట్రోలు పంపు ఇంజను ఒంటికే అమర్చి ఉంటుంది. మే నెల ఎండలో ఇంజను కాగి, పంపులోని పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గాని ఆవిరిని తోయలేదు. బండి నడిరోడ్డుమీద నిలుస్తుంది. అప్పుడు తడిగుడ్డ పంపుకు చుట్టి, చెట్టునీడను పావుగంట కూర్చొని, మళ్ళీ తిప్పాలి. డాక్టరుగారి కారులో డ్యాష్‌బోర్డు అరలో ఇప్పటికీ ఒక తువ్వాలు ముక్కా, నీళ్ళ సీసా ఉన్నాయి.

ఇప్పుడు దానికి తోడు పెట్రోలే మారిపోయింది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. 1984 నాటి కారును తయారుచేసినవారు దాన్ని ఊహించి ఉండరు. ఎథనాల్ పాత రబ్బరు గొట్టాలనూ, పంపులోని పలుచని పొరనూ మెత్తబరుస్తుంది. పైగా నీటిని పీల్చుకొనే గుణం దానికున్నది. నెలల తరబడి కదలకుండా ఉన్న బండి ట్యాంకులో ఆ తేమ చేరి తుప్పు పట్టిస్తుంది. కొత్త కార్లలో యంత్రమే పసిగట్టి ఇంధనం పాలు సరిచేసుకొంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. మనిషి స్క్రూడ్రైవర్ పట్టుకొని నేర్పాలి. గొట్టాలన్నీ మార్చవచ్చు, కార్బురేటర్ జెట్లు సరిచూడవచ్చు, ఇది అసాధ్యమేమీ కాదని మేస్త్రిగారు అన్నారు. కాని ఆయన వేళ్ళమీద లెక్కపెట్టిన సామానుల్లో సగానికి 'దొరికితే' అనే మాట తోడుగా వచ్చింది.

ఇక కాగితాలు. యజమాని గతించినాడు గనుక ముందు ఫారం 31 పెట్టి బండిని వారసుల పేర మార్చాలి. ఆ తరువాతనే నా పేరిట అమ్మకం. సీ బుక్కు గడువు దాటిపోయి ఉన్నది. ఇరవై ఏళ్ళు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు రుసుమును 2025 ఆగస్టులో 5,000 నుంచి 10,000కు పెంచినారు. ఎఫ్‌సీకి బండిని చూపించాలి. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్నవాటికి 2021లో వింటేజ్ వాహనాల నియమాలు వచ్చినవి గాని, అలా నమోదు చేసినవాటిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ తప్ప నిత్యం రోడ్డుమీద తిప్పరాదు. ఈ పద్మినికి ఆ పెద్దరికం రావాలంటే 2034 దాకా ఆగాలి. అప్పటికి నాకు డెబ్బయి అయిదు. చట్టం దృష్టిలో అది ముసలిదీ కాదు, పడుచుదీ కాదు.

ఇన్ని విన్నాక కూడా నా మనసు పద్మిని వైపే మొగ్గి ఉన్నదని దాచను. ఇష్టమైన పక్షాన్ని సిద్ధాంతం చేసి ఆ తరువాత హేతువులు వెదకటం పండితులకు కొత్త కాదు. అందుకని ఒక పని చేసినాను. బడిలో హాజరుపట్టీ వ్రాసినట్లుగా, నెల రోజులపాటు ఇంటిల్లిపాది చేసిన ప్రయాణాలన్నీ నోటుపుస్తకంలో వ్రాసినాను. ముప్ఫై రోజుల్లో 27 ప్రయాణాలు తేలినాయి. అందులో 11 ఊళ్ళోవే. వాటికి స్కూటరో కాళ్ళో చాలును. వేమూరు అవతల ఉన్న మా స్వగ్రామానికి 9. అక్కడ మా అమ్మ ఉంటుంది, ఎనభై ఏడేళ్ళు. తులసికోటనూ గేదెనూ వదిలి రానంటుంది. మా శ్రీమతి మోకాళ్ళ వైద్యానికి గుంటూరు 4. పెళ్ళిళ్ళు 2. మిగిలిన ఒకటి అర్ధరాత్రి ప్రయాణం.

స్కూటరుతో పోయేవి తీసివేస్తే 16. ఇందులో బండి మొరాయిస్తే రేపు వెళ్ళవచ్చుననుకోదగినవి ఎన్ని అని చూసినాను. పెళ్ళిళ్ళు రెండూ, ఊరి ప్రయాణాల్లో అయిదూ. మిగిలిన తొమ్మిదింటిని వాయిదా వేయటానికి వీల్లేదు.

మిత్రులు చాలామంది నాకు చెప్పిన హేతువు మైలేజీ. అదీ లెక్కవేసినాను. నెలకు 600 కిలోమీటర్లు. ఫియట్ లీటరుకు 10, వాగన్‌ఆర్ 18 ఇస్తాయనుకొంటే, లీటరు 110 రూపాయల చొప్పున తేడా సుమారు 3,000. పింఛనుదారుకు అది చిన్న మొత్తం కాదు. కాని మనిషి తన ముచ్చటకు నెలకు మూడు వేలు పెట్టుకొంటే అది దుబారా అని నేననను. పుస్తకాలకు అంతకంటె ఎక్కువ పెట్టిన నెలలున్నవి. వాటిలో సగం తిరిగి తెరవలేదు. తిరిగి అమ్మితే ధర రాదన్న హేతువు మరీ బోలుది. అమ్మటానికా కొనేది?

నన్ను నిలబెట్టింది ఆ ఒక్క అర్ధరాత్రి ప్రయాణం. రాత్రి ఒంటిగంటన్నరకు ఊరినుంచి ఫోను వచ్చింది, అమ్మకు ఊపిరి ఆడటం లేదని. తెలిసిన టాక్సీ అబ్బాయిని లేపితే, అతడు మరో ఊరినుంచి రావటానికి యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలూ నేనూ మా శ్రీమతీ చెప్పులు వేసుకొని వాకిట్లో నిలబడి ఉన్నాము. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మను గుంటూరు చేర్చినాము. నాలుగు రోజులకు తేరుకొని, గేదె పాలెవరు తీస్తున్నారని అడిగింది.

ఇంటికి వచ్చినాక నేను కారు మాట ఎత్తలేదు. మా శ్రీమతే ఎత్తింది. ఆమె పద్మినికి విరోధి అనుకొంటారేమో, కాదు. 1988లో పురిటినొప్పులు వచ్చినప్పుడు డాక్టరుగారు స్వయంగా ఆమెను ఆ కారులోనే ఆసుపత్రికి తీసుకొనివెళ్ళినారు. ఇప్పుడు ప్రాజెక్టు కార్ల గురించి నాకు పాఠం చెప్పిన పెద్దమనిషి పుట్టింది ఆ రాత్రే. "మీకంత ఇష్టమైతే ఫియట్టే కొనండి, నేను కాదనను. నా మోకాళ్ళకు బస్సయినా సరే. కాని అత్తయ్యను దాంట్లో తీసుకువెళ్తానని మాత్రం అనకండి. అది నడిరోడ్డుమీద ఆగితే తడిగుడ్డ పట్టుకొని మీరు దానికి ఉపచారం చేస్తారా, ఆవిడకు చేస్తారా?" అన్నది.

జవాబు చెప్పటానికి నావద్ద ఏమీ లేదు. ఆ రాత్రి ఆలోచిస్తూ ఉంటే మరొక సంగతి కూడా తోచింది. మేస్త్రిగారూ మా అబ్బాయీ ఇద్దరూ చెప్పనిది. ముచ్చటబండికి ఒక స్వాతంత్ర్యం కావాలి, అది విరిగి పడి ఉండే స్వాతంత్ర్యం. కార్బురేటర్ విప్పి బల్లమీద పరచి, కావలసిన చిన్న స్ప్రింగు దొరికేదాకా మూడు నెలలు నిశ్చింతగా ఉండగలగాలి. ఇంట్లో ఉన్న ఒకే ఒక కారు అదే అయితే అలా ఉండలేము. రేపు గుంటూరు వెళ్ళాలి గనుక ఏదో ఒక నకిలీ సామాను వేసి, తీగతో కట్టి, బయలుదేరదీస్తాము. ఆ తొందరలో దాని అందమూ పోతుంది, మనకు దానిమీది ఇష్టమూ పోతుంది. ముచ్చటను నిత్యావసరంగా మారిస్తే నిత్యావసరం తీరదు. ముచ్చట మాత్రం ఖాయంగా చస్తుంది. కవిత్వంతో పొట్టపోసుకోవలసివచ్చిన కవులను ఇద్దరు ముగ్గురిని దగ్గరగా చూసినాను గనుక ఈ మాట ధైర్యంగా వ్రాస్తున్నాను.

రెంటినీ కలిపి సాధించే మధ్యేమార్గం ఒకటి బంధువొకాయన సూచించినాడు: ముప్ఫై వేలకు పాత మారుతి 800 ఒకటి నిత్యశకటంగా తీసుకొని, మిగిలినదానితో పద్మినిని బాగుచేసుకోమని. అప్పుడు వాకిట్లో రెండు ముచ్చటబండ్లుంటాయి, నిత్యశకటం ఉండదు.

వాగన్‌ఆర్ కొన్నాము. పొడవుకంటె ఎత్తు మీద శ్రద్ధ పెట్టి చేసిన బండి అది. సీటు సరిగ్గా కుర్చీ ఎత్తున ఉంటుంది. మా శ్రీమతి మోకాలు పెద్దగా వంచకుండానే ఎక్కి కూర్చొంటుంది. అమ్మ మొదటిసారి ఎక్కినప్పుడు, "బస్సులాగా ఉందిరా" అన్నది, అది మెచ్చుకోలు. ముందు గాలిసంచులున్నవి, సీటు బెల్టు పెట్టుకోకపోతే అది కీచుమని అరుస్తుంది. 1984 పద్మినిలో బెల్టులే లేవన్న సంగతి నేను ఉత్సాహంలో లెక్కలోకే తీసుకోలేదని, మేస్త్రిగారు ఆ తరువాత నవ్వుతూ గుర్తుచేసినారు. తాళంచెవి తిప్పితే కదులుతుంది. దాన్ని గురించి రెండవ పేరా వ్రాయమంటే నావల్ల కాదు.

పద్మిని పాత ఇనుముకు పోలేదు. నేను విరమించుకొన్నానని తెలిసి, మేస్త్రిగారూ ఆయన తమ్ముడి కొడుకూ కలిసి కొనుక్కొన్నారు. డాక్టరుగారి పెద్దమ్మాయి వారికి 45,000కే ఇచ్చింది. రెండు ఖండాల నుంచి ఇద్దరు వారసుల సంతకాలు తెప్పించటం, ఫారం 31 నింపటం, ఆర్టీఓ ఆఫీసుకు అర్జీ వ్రాయటం నా వంతు. ప్రతిఫలంగా, ఆదివారాలు షెడ్డుకు రావచ్చునని అనుమతి దొరికింది. తుప్పు పట్టిన నేల రేకు కోసివేసి కొత్తది అతుకు పెట్టినారు. ఇంజను కిందికి దించి చెక్క పెట్టెమీద ఉంచినారు. 1,089 సీసీల ఇంజను చూడటానికి అంత చిన్నదని నేననుకోలేదు. పని ఎప్పటికి అవుతుందని నేనడగను, వారూ చెప్పరు. వచ్చే ఆదివారం బ్రేకు డ్రమ్ములు విప్పుతారట. పాత లుంగీ ఒకటి తెచ్చుకోమన్నారు. నట్లన్నీ డీజిల్లో కడిగి, తుడిచి, ఏ చక్రానివి ఆ చక్రానికి వేరువేరు డబ్బాల్లో వేయటం నా పని.